ఖైదీ నంబర్ 81ఎ

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం యుద్ధఖైదీగా అధికారికంగా నమోదు చేసుకున్న జంతువు ఒక్కటే. పేరు జూడీ, ఇంగ్లిష్ పాయింటర్ జాతి ఆడకుక్క. దాని సాహసాల గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం ఆ ఖైదీ నంబర్ ఎలా వచ్చిందన్నదే ఆసక్తి.

జూడీ 1936లో షాంఘైలో పుట్టింది. యాంగ్‌ట్సీ నది మీద గస్తీ తిరిగే 'నాట్' అనే బ్రిటిష్ యుద్ధనౌక సిబ్బంది, వేటకు పనికొస్తుందని దాన్ని కొన్నారు. వేటలో శుద్ధ దండగ. అయితే విమానాల మోత మనుషుల చెవిన పడకముందే మొరిగి లేపేది. తిన్న తిండికి అది చాలదూ!

తర్వాత 'గ్రాస్‌హాపర్' నౌకకు మారింది. 1942 ఫిబ్రవరిలో, సింగపూర్ పతనమవుతున్న రోజుల్లో, ఆ నౌకను జపాన్ విమానాలు ధ్వంసం చేశాయి. బతికి బయటపడినవాళ్లు చేరిన దీవిలో తాగడానికి చుక్క నీరు లేదు. ఆటు వేళ జూడీ ఒడ్డున ఇసుక తవ్వి మంచినీటి ఊట బయటపెట్టింది. అక్కణ్నుంచి సుమత్రా అడవుల్లో పడి పడాంగ్ రేవుకు చేరేసరికి ఆఖరి ఓడ వెళ్లిపోయింది. అంతా పట్టుబడ్డారు.

సుమత్రాలోనే ఉన్న మెడాన్‌లోని గ్లుగుర్ ఖైదీల శిబిరంలో వైమానిక దళం మనిషి ఫ్రాంక్ విలియమ్స్ తన వంతు అన్నం జూడీకి పెట్టాడు. ఆ రోజు నుంచీ అది అతని కుక్కే. కాపలావాళ్లు ఖైదీలను కొడుతుంటే పళ్లు బయటపెట్టి గుర్రుమనేది. కాల్చేస్తామని వాళ్ల బెదిరింపు. ఖైదీల జాబితాలో పేరెక్కితే ఎవడుపడితే వాడు చంపలేడని విలియమ్స్ ఎత్తు వేశాడు. శిబిరాధికారి తాగి ఉన్న రాత్రి చూసి, జూడీ పిల్లనొకదాన్ని బహుమతిగా పట్టుకెళ్లి అడిగాడు. సంతకం పడింది. విలియమ్స్ నంబర్ 81 కాబట్టి జూడీది 81ఎ. రేషన్ మాత్రం రాలేదు. యుద్ధఖైదీలను ఎలా చూడాలో చెప్పే 1929 జెనీవా ఒప్పందం మీద సంతకం చేసి కూడా జపాన్ దాన్ని ఆమోదించలేదు. మనుషులకే దిక్కులేని చోట కుక్కకు కాగితం!

అధికారి మారితే ఆ కాగితానికి విలువ ఎంత? 1944 జూన్‌లో ఖైదీలను ఓడలో సింగపూర్ తరలిస్తుంటే, కుక్క రావడానికి వీల్లేదని కొత్త అధికారి హుకుం. సైగ చేయగానే గోనెసంచిలో దూరి కిమ్మనకుండా ఉండటం జూడీకి విలియమ్స్ ముందే నేర్పాడు. సంచి భుజానికెత్తుకుని గంటల తరబడి ఎండలో నిలబడి, చివరికి ఓడెక్కాడు. జూన్ 26న ఆ ఓడను ఒక జలాంతర్గామి టార్పెడోతో ముంచింది. అది బ్రిటిష్‌వాళ్లదే! విలియమ్స్ జూడీని ఓడ కిటికీలోంచి సముద్రంలోకి తోసి, తనూ ఎలాగో బయటపడ్డాడు. ఖైదీలను మళ్లీ సుమత్రాకే పంపారు. యుద్ధం ముగిసేదాకా పెకన్‌బారు రైలుమార్గం పనుల్లో వెట్టిచాకిరి.

1946లో జూడీకి జంతువుల విక్టోరియా క్రాస్ అనిపించుకున్న డికిన్ పతకం వచ్చింది. దాని మొరుగుడును బీబీసీ ప్రసారం చేసింది కూడా. 1948లో టాంగన్యీకాలో బ్రిటిష్ ప్రభుత్వ వేరుశనగ సాగు పథకంలో ఉద్యోగం దొరికితే విలియమ్స్ దాన్నీ వెంట తీసుకెళ్లాడు. 1950 ఫిబ్రవరిలో అది అక్కడే చనిపోయింది. రెండు నెలలు కష్టపడి చలువరాయితో, గ్రానైట్‌తో సమాధి కట్టిన విలియమ్స్, దాని కథంతా ఒక ఫలకం మీద రాయించి అక్కడ బిగించాడు.