ఇత్తడి అడుగున గుంట: శిబిర పెట్టెల నిర్మాణ చరిత్రకు ఒక ఆధారం

18వ శతాబ్ది చివరి నుంచి 19వ శతాబ్ది అంతం వరకు దండయాత్రలకు వెళ్ళే బ్రిటిష్ సైనికాధికారులు తమ గృహోపకరణాలను సాధారణంగా తామే సమకూర్చుకొని వెంట తీసుకువెళ్ళేవారు. ఈ అవసరం నుంచి రూపొందినదే ‘కాంపెయిన్ చెస్ట్’ అనే శిబిర పెట్టె. అది సొరుగుల పెట్టె. రెండు భాగాలుగా విడదీసి, మర తిప్పి కాళ్ళు ఊడదీసి, ఎద్దుల బండి మీదనో ఓడలోనో చేరవేయడానికి వీలైనది. మూలలకు ఇత్తడి పట్టీలు, సొరుగులకు చెక్కలోకి దిగి ముఖతలంతో సమంగా ఒదిగిన ఇత్తడి పిడులు దాని గుర్తులు. పైకి పొడుచుకు వచ్చిన పిడి బండిలో పక్క పెట్టెను గీరుతుంది, తాడుకు తగులుకుంటుంది, చివరికి విరుగుతుంది. పిడి లోపలికి వెళ్ళింది అందం కోసం కాదు, ప్రయాణం కోసం.

లండన్ తయారీదారుల పేరుపలక ఉన్న పెట్టెకు చరిత్ర సులువుగా దొరుకుతుంది. అయితే టేకుతోను, కర్పూరపు చెక్కతోను భారతదేశంలో, చైనాలో తయారైన పెట్టెలు ఎన్నో ఉన్నాయి. మద్రాసు సైన్యం, 1806లో ఏర్పడిన సికింద్రాబాదు దండు విడిది ఇటువంటి సామాను వాడకానికి సహజమైన చోట్లు. ‘అలమార’ పోర్చుగీసు నుంచి తెలుగులోకి వచ్చిందని నిఘంటువు చెబుతుంది. ఆ వస్తువులను చెక్కిన వడ్రంగి పేరు మాత్రం ఏ నిఘంటువుకూ ఎక్కలేదు. పేరుపలక లేని పెట్టెలో అతని పనికి మిగిలిన అత్యంత నమ్మదగిన దాఖలా ఇత్తడి అడుగున ఉన్న గుంట.

పోతపోసి ఆకురాయితో సరిచేసిన ఇత్తడి ముక్కల్లో ఏ రెండూ అచ్చంగా ఒక్కటి కావు. అందువల్ల కొలతబద్దను నమ్మడం కంటే ముక్కనే చెక్క మీద ఆనించి, దాని అంచు వెంట కత్తిమొనతో గీత గీయడం మేలైన పద్ధతి. పెన్సిలు గీతకు మందం ఉంటుంది; కత్తి గీత చెక్కనారను కోసి ఉలికి అంచు చూపుతుంది. పనివాడు గీతకు కొంచెం లోపల ఉలితో తొలిచి, లోతు సరిపోయాక చివరి పొరను సరిగ్గా గీత మీద తీస్తాడు. పిడికి ఒక గుంట చాలదు. రేకు మందానికి లోతు తక్కువ గుంట, దాని మధ్య వేళ్ళు దూరే గిన్నె కోసం లోతైన మరో గుంట కావాలి. లోతు ఎక్కువైతే ఇత్తడి కుంగి కనిపిస్తుంది, తక్కువైతే పైకి తేలుతుంది. అంచున వెంట్రుకవాసి సందు మిగిలినా నునుపు చేసిన ముఖతలం దాన్ని దాచదు. ఇదే కోవకు చెందిన నేర్పు 18వ శతాబ్ది విశాఖపట్నం పనివారికి ఏనుగు దంతం పొదగడంలో ఉండేది. అయితే దంతం శోభకు పొదిగినది, ఇత్తడి రక్షణకు.

చెక్క తేమకు అడ్డంగా వ్యాకోచిస్తుంది, ఇత్తడి వ్యాకోచించదు. నారకు అడ్డంగా బిగించిన పట్టీ కింద చెక్క చీలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. టేకు కదలిక తక్కువ కనుక ఈ పనికి అది అనువైనది. ఇత్తడి మరలు మెత్తనివి, బిగించేటప్పుడు తల తెగవచ్చు. ముందు ఉక్కు మరతో దారి చేసి, తర్వాత మైనం రాసిన ఇత్తడి మరను దించడం వడ్రంగులు ఎరిగిన ఉపాయమే.

మరలు కాలనిర్ణయానికి కూడా తోడ్పడతాయి. 19వ శతాబ్ది మధ్యకు ముందటి మరల కొస మొద్దుగా ఉంటుంది. సూదికొస మరలు ఆ తర్వాతే వ్యాప్తిలోకి వచ్చాయి. బర్మింగ్‌హామ్ ప్రాంతంలో నెటిల్‌ఫోల్డ్ సంస్థ 1854లో అమెరికన్ యంత్రాలతో వాటి తయారీ చేపట్టింది. అయితే ఒక్క మరను బట్టి పెట్టె వయసు తేల్చడం తొందరపాటు, మరలను మార్చడం సులువు. గుంటను మార్చడం అంత సులువు కాదు. పాత రేకు ఆకారం కొత్త రేకు అంచు దాటి కనిపించినా, గుంట అడుగున వాడని మర రంధ్రాలు మిగిలినా, ఇత్తడి తర్వాత వచ్చిందని గ్రహించవచ్చు.

బోయర్ యుద్ధం (1899–1902) తర్వాత బరువైన సామాను సైన్యంతో నడవడం క్రమంగా తగ్గింది. ఇరవయ్యో శతాబ్దిలో ఇదే రూపాన్ని ఇళ్ళలోని గదుల కోసం అనుకరించారు. అటువంటి కొన్నిటిలో పలుచని రేకును ముఖతలం మీదే మేకులతో కొట్టారు, అడుగున గుంట లేదు. మరమ్మతుదారులు పాత పెట్టెల నుంచి ఇత్తడిని తీసి మెరుగుపెట్టి, గుంట అడుగును గీకి, పాత మరలను పారవేసి కొత్తవి బిగించే సందర్భాలున్నాయి. ఇత్తడిని ఊడదీసేముందు గుంటను, మరలను, ఉలి జాడలను ఛాయాచిత్రాలు తీసి భద్రపరచడం సంగ్రహాలయాలు వెంటనే చేయగల పని.