కూలర్ జివ్వుమంటోంది

"అత్తయ్యా, చెప్పులేసుకుని ముట్టుకోండి. జివ్వుమంటోంది."

మే నెల మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో అందరూ ఒకరికొకరు చెప్పుకుంటున్న జాగ్రత్త అదొక్కటే. పాత రేకు కూలర్. చెయ్యి వేస్తే వేళ్ల చివర చీమ కుట్టినట్టుంటోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలవాలని కోడలు రెండుసార్లు అనుకుంది. చిన్న షాకే కదా అని ఊరుకున్నారు.

ఆ మధ్యాహ్నం తొట్టిలో నీళ్లయిపోయి వేడిగాలి కొడుతోంది. మనవడు నిద్రలో ఉన్నాడు, లేస్తాడేమోనని పెద్దావిడ కూలర్ ఆపకుండానే బకెట్టుతో నీళ్లు పోసింది. కొన్ని గచ్చు మీద ఒలికాయి. కాళ్లకు చెప్పుల్లేవు. బకెట్టు దించి, నిలదొక్కుకోవడానికి కూలర్ అంచు పట్టుకుంది.

కేక కూడా రాలేదు. గొంతులోంచి మూలుగు, అంతే. వంటింట్లోంచి కోడలు "అత్తయ్యా!" అంటూ పరిగెత్తుకొచ్చి చెయ్యి చాపింది. గుమ్మంలో పక్కింటి పెద్దాయన. లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి.

"ముట్టుకోకమ్మా! మెయిన్ ఆపెయ్!"

ఆ కేక పడకపోతే ఆ రోజు ఇద్దరూ పోయేవారు. కోడలు వరండాలోకి దూకి మెయిన్ ఆపింది. పెద్దావిడ కుప్పకూలింది. ఊపిరి ఆడుతోంది. అరచేతిలో కాలిన మచ్చ. రాత్రంతా ఆసుపత్రిలో గుండె కొట్టుకోవడం చూసి, మర్నాడు ఇంటికి పంపారు.

పట్టుకున్న చెయ్యి ఎందుకు వదల్లేకపోయింది? అమెరికాలోని బర్క్‌లీలో ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ మనుషుల మీదే పరీక్షలు చేసి తేల్చిన సంగతిది: సగటున ఆడవాళ్లకు 10.5 మిల్లీయాంపులు, మగవాళ్లకు 16 దాటితే కండరాలు బిగుసుకుపోతాయి. వదిలేద్దామన్నా వేళ్లు తెరుచుకోవు. మన ఇళ్లకొచ్చేది 230 వోల్టులు. ఒళ్లు తడిస్తే నిరోధం వెయ్యి ఓమ్‌ల దగ్గరికి పడిపోవచ్చు. అంటే 230 మిల్లీయాంపులు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఆమె బతికిందంటే గచ్చు కొంత అడ్డుపడి ఉండాలి. బోర్డులో ఎంసీబీ ఉంది, కదల్లేదు. అది 16 యాంపులది, అంటే 16,000 మిల్లీయాంపులు. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు.

సాయంత్రం పెద్దాయనే కూలర్ విప్పాడు. పంపు వైరు రేకు అంచుకు ఒరుసుకుని తొడుగు తెగింది. ఫేజు నేరుగా రేకుకు తగులుతోంది. ప్లగ్గుకు మూడు పిన్నులూ ఉన్నాయి. సాకెట్లో ఎర్తు తీగా ఉంది. దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ వెళితే పెరటి గోడ దగ్గర మొండిగా తేలింది. టైల్స్ వేయించినప్పుడు అడ్డొచ్చిందని ఎర్తు పైపు కోసేశారట. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంత టైల్స్ కింద అలాగే ఉంది. దానికీ ఇంటికీ ఇక సంబంధం లేదు. భూమిలోకి పోవాల్సిన కరెంటుకు మిగిలిన దారి, కూలర్ ముట్టుకున్న మనిషే.

"ఇన్నాళ్లుగా జివ్వుమంటుంటే నాతో ఒక్క మాట అనకపోయావా అమ్మా?" అన్నాడాయన. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కొత్త గుంత తవ్వారు. మెయిన్ పక్కన ఆర్‌సీసీబీ పెట్టారు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా అని అది కాపలా కాస్తుంది. 30 మిల్లీయాంపుల తేడా వస్తే రెప్పపాటులో ఆపేస్తుంది.

మీ ఇంట్లో ఫ్రిజ్జో, గీజరో, వాషింగ్ మెషీనో జివ్వుమంటుంటే చెప్పులు వెతుక్కోకండి. మెయిన్ ఆపి ప్లగ్గు తీసేయండి. ఎర్తు చూపించేదాకా మళ్లీ పెట్టకండి.