పదునేడుకు పదునేడు

తెలుగు పరీక్షపత్రానికి నూటికి నూరు మార్కులు వేసే ఆచారం మా కాలంలో లేదు. ఎంత చక్కగా వ్రాసినా, ఎక్కడో ఒక అరసున్న జారిందనో, సంధి పొసగలేదనో రెండు మార్కులు కోయడం పరీక్షకుల ధర్మంగా ఉండేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేనూ అలాగే కోశాను. అందుచేత ఎక్కడైనా నిండు సంఖ్య కనబడితే నాకు ముందు కలిగేది ఆనందం కాదు, అనుమానం.

అమెరికా వారి ఫుట్‌బాల్ చరిత్రలో అటువంటి నిండు సంఖ్య ఒకటి ఉన్నది. 1972లో మయామీ డాల్ఫిన్స్ అనే జట్టు ఆడిన పదునేడు ఆటలూ గెలిచింది. సూపర్ బౌల్ అనే అంతిమ పోటీ 1967 జనవరిలో మొదలైనది మొదలు ఒక్క ఓటమీ, ఒక్క సమమూ లేకుండా కిరీటం ధరించిన జట్టు మరొకటి లేదు. నా అలవాటు చొప్పున ఎర్ర కలం పట్టుకొని ఆ సంవత్సరాన్ని చదవడం మొదలుపెట్టాను. చదువుతూండగా నా దృష్టి జట్టు మీదినుండి ఒక మనిషి మీదికి మళ్ళింది.

ఆట తెలియని చదువరుల కోసం రెండు మాటలు. పేరు ఫుట్‌బాలే గాని కాలితో తన్నడం తక్కువ, చేత పట్టుకొని పరుగెత్తడమూ విసరడమూ ఎక్కువ. జట్టుకు పదకొండుగురు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు జరగాలి. జరగలేకపోతే బంతి ఎదుటివారి పాలు. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆపైన గుంజల నడుమ తన్నితే మరొకటి. గీత దాటలేక దూరంనుండే తన్ని గుంజల నడుమ పంపితే మూడు. బంతి ఎవరి చేతికి ఇవ్వాలో, ఎటు విసరాలో రెప్పపాటులో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. మన మాటలో సారథి అనుకోవచ్చును. కాకపోతే ఈ సారథి దెబ్బలు కూడా తానే తింటాడు.

కథ నాలుగేళ్ళు ముందుగా మొదలవుతుంది. 1968లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టుకు శిక్షకుడు డాన్ షూలా. ఆ జట్టు ప్రసిద్ధ సారథి జానీ యునైటస్ గాయపడగా, ఎర్ల్ మోరల్ అనే నడివయస్సు ఆటగాడు ఆ స్థానంలో నిలిచి, అనేక విజయాలు సాధించి, ఆ ఏటి ఉత్తమ క్రీడాకారుడనిపించుకున్నాడు. 1969 జనవరి 12న సూపర్ బౌల్. ఎదుట న్యూయార్క్ జెట్స్. కోల్ట్స్ గెలుపు ఖాయమని లోకమంతా అనుకున్నది. మొదటి సగం ముగియవస్తూండగా జిమ్మీ ఆర్ అనే తోటి ఆటగాడు గీత దగ్గర ఒంటరిగా నిలబడి చేతులూపుతున్నాడు. మోరల్‌కు అతడు కనబడలేదు. వేరొకరికి విసిరాడు. బంతి శత్రువు చేతిలో పడింది. 16-7తో ఓటమి. మోరల్‌ను కూర్చోబెట్టి యునైటస్‌ను దింపినా ఫలితం మారలేదు. ఆ ఆట జరిగింది మయామీ నగరంలోనే, ఆరెంజ్ బౌల్ మైదానంలో.

షూలా 1970లో ఆ మయామీకే శిక్షకుడుగా వచ్చాడు. డాల్ఫిన్స్ అప్పటికి 1966లో పుట్టిన పసిజట్టు. అంతకుముందు ఏడు మూడే మూడు ఆటలు గెలిచింది. రెండేళ్ళలో దానిని సూపర్ బౌల్ దాకా నడిపించాడు. అక్కడ 1972 జనవరిలో డాలస్ కౌబాయ్స్ చేతిలో 24-3తో ఘోరపరాభవం. షూలాకు ఇది రెండవ భంగపాటు. ఆ వేసవిలో అతడు ఒక పని చేశాడు. కోల్ట్స్ వారు ఇక వద్దని వదిలేసిన మోరల్‌ను నూరు డాలర్లు చెల్లించి తెచ్చుకున్నాడు. మోరల్‌కు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ ఆటలో అది వార్ధక్యమే. చదువరులు గమనించాలి, ఇద్దరినీ కలిపినది ఉమ్మడి ఓటమి. ఓడిన నాటి తోడు మీద అంత నమ్మకం ఉంచిన షూలా పట్ల నాకు గౌరవం కలిగింది.

1972 సెప్టెంబరు 17న కాన్సస్ సిటీలో మొదటి ఆట, 20-10తో గెలుపు. మూడవ ఆటలో మిన్నెసోటా మీద 16-14, ప్రాణం గొంతులోకి వచ్చిన గెలుపు. అక్టోబరు 15న ఐదవ ఆటలో శాన్ డియేగో జట్టువారు మీద పడి సారథి బాబ్ గ్రీసీ కాలి ఎముక విరగగొట్టారు. చీలమండ కూడా తప్పింది. అతడిని మోసుకొనిపోయారు. బెంచీ మీదినుండి మోరల్ లేచి వెళ్ళాడు.

ఇక మోరల్ చేసినదేమిటి? గొప్ప విన్యాసాలేమీ కావు. తనకు పరుగెత్తే కాళ్ళు లేవని అతడికి తెలుసు. బంతిని పరుగెత్తేవారికి అందించాడు, అంతే. లారీ చొంకా దున్నపోతులా ఎదురున్నవారిని తోసుకుంటూ పోతే, మెర్క్యురీ మోరిస్ పేరుకు తగ్గట్టు పాదరసంలా జారిపోయేవాడు. చొంకా ఆ ఏడు 1,117 గజాలు పరుగెత్తాడు. మోరిస్ లెక్క 991 దగ్గర ఆగిపోగా, బఫలో ఆటలో పొరపాటున అతడి ఖాతాలో వేసిన తొమ్మిది గజాల నష్టాన్ని లీగువారు తరువాత సరిదిద్దారు. సరిగ్గా వెయ్యి! ఒకే జట్టులో ఇద్దరు వెయ్యి గజాలు పరుగెత్తడం అదే మొదలు. (పునర్మూల్యాంకనంలో మార్కులు కలిసిన పిల్లవాడి ముఖం నాకు గుర్తుకు వచ్చింది.) రక్షణశ్రేణికి ‘పేరులేనివాళ్ళు’ అని పేరు. డాలస్ శిక్షకుడు టామ్ లాండ్రీ అంతకుముందు ఏడు వారి పేర్లు గుర్తుకు రావడం లేదన్నాడట. వారు దానినే బిరుదుగా ధరించారు.

పద్నాలుగు ఆటలూ ముగిశాయి, ఓటమి లేదు. వడపోత పోటీలలో క్లీవ్‌లాండ్ మీద చివరి ఘట్టంలో వెనుకబడి, తేరుకొని, 20-14తో బయటపడ్డారు. తరువాత పిట్స్‌బర్గ్. ఓటమి ఎరుగని జట్టు ఎదుటివారి ఊరికి వెళ్ళి ఆడవలసి వచ్చిందేమని నాకు ఆశ్చర్యం కలిగింది. ఆనాడు సొంత మైదానం వంతులవారీగా వచ్చేదట. గెలుపులను బట్టి ఇవ్వడం 1975లో మొదలైంది.

డిసెంబరు 31న ఆ ఆటలో మొదటి సగం ముగిసేసరికి 7-7. ఆ ఏడు పాయింట్లైనా, బంతిని దూరంగా తన్నవలసిన లారీ సైపుల్ తన్నకుండా చంకన పెట్టుకొని ముప్పై ఏడు గజాలు పరుగెత్తడం వల్ల వచ్చినవే. విరామంలో షూలా మోరల్‌ను ప్రక్కన పెట్టి, అప్పుడే కోలుకున్న గ్రీసీని దించాడు. గ్రీసీ వస్తూనే పాల్ వార్‌ఫీల్డ్‌కు విసిరిన బంతి యాభై రెండు గజాలు సాధించింది. 21-17తో గెలుపు. సూపర్ బౌల్‌కు కూడా షూలా గ్రీసీనే ఎన్నుకున్నాడు. నిర్ణయం సరియైనదని ఫలితం చెబుతున్నది. కాని పదునేడింటిలో పదకొండు ఆటలు మొదలుపెట్టి, పదకొండూ గెలిచినవాడు మళ్ళీ సూపర్ బౌల్ వేళకు బెంచీ మీద కూర్చోవడం చదివినప్పుడు నేను పుస్తకం కాసేపు మూసిపెట్టాను. మోరల్ గొడవపడలేదు.

1973 జనవరి 14, లాస్ ఏంజలెస్ నగరం, తొంభైవేలకు మించిన జనం. ఎదుట వాషింగ్టన్ జట్టు. పందెగాళ్ళు పదహారు గెలిచినవారిని కాదని వాషింగ్టన్ వైపే మొగ్గారు! జేక్ స్కాట్ రెండుసార్లు ప్రత్యర్థి విసరిన బంతిని అందుకొని ఆ ఆటకు శ్రేష్ఠుడనిపించుకున్నాడు. ఆట ముగియడానికి రెండు నిమిషాల పైచిలుకు కాలమున్నది. 14-0. ఇంకొక మూడు పాయింట్లు తన్నితే పదునేడు గెలుపులకు గుర్తుగా 17-0 అవుతుంది. తన్నేవాడు గారో యెప్రీమియన్, సైప్రస్‌లో పుట్టిన ఆర్మీనియను, పొట్టివాడు. నేల మీద మోకరించి బంతిని నిలబెట్టి పట్టుకున్నవాడు మన మోరల్. ఆ రోజు అతడికి దక్కిన పని అది.

తన్నిన బంతి ఎదుటివారికి తగిలి వెనుకకు దొర్లింది. గారో దాని మీద పడి ఊరకుంటే సరిపోయేది. అతడు దానిని ఎత్తుకొని విసరబోయాడు. బంతి చేతిలోనుండి జారి గాలిలోకి లేచింది. మళ్ళీ దానినే చేతితో కొట్టాడు. మైక్ బాస్ అందుకొని నలభై తొమ్మిది గజాలు పరుగెత్తి గీత దాటాడు. 14-7. ఆ రెండు నిమిషాలూ మయామీవారికి యుగాలు. చివరికి నిలిచారు.

ఇప్పుడు ఎర్ర కలం సంగతి. పద్నాలుగు ఆటలలో ఎదురైన జట్లలో సగం కన్న ఎక్కువ ఆటలు గెలిచినవి రెండే అనీ, వాటి లెక్క కూడా 8-6 మాత్రమే అనీ విమర్శకులు నేటికీ అంటారు. అది నిజమే. కాని ప్రశ్నపత్రం కూర్చినవాడు విద్యార్థి కాదు గదా! సులభమైన పత్రానికి కూడా నూరు తెచ్చుకున్నవారు ఎందరు? 1934లో షికాగో బేర్స్ పదమూడూ గెలిచి అంతిమ పోటీలో ఓడింది. 1942లో మళ్ళీ అదే జట్టు, అదే గతి. 2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ పద్ధెనిమిది గెలిచి, 2008 ఫిబ్రవరి 3న న్యూయార్క్ జయింట్స్ చేతిలో 17-14తో కూలింది. నేను మార్కు కోయలేకపోయాను.

మయామీ వరుస గెలుపులు పద్ధెనిమిదితో ఆగాయి. 1973 సెప్టెంబరు 23న ఓక్లండ్ జట్టు 12-7తో ఓడించింది. ఆ పన్నెండు పాయింట్లూ నాలుగుసార్లు గుంజల నడుమ తన్ని తెచ్చినవాడు జార్జ్ బ్లాండా. అతడి వయస్సు నలభై ఆరు.

ఆ పదునేడుకు చెల్లించిన మూల్యం లెక్క చాలా ఆలస్యంగా తేలింది. తలకు పదే పదే తగిలిన దెబ్బలు మెదడును క్రమంగా క్షీణింపజేసే వ్యాధి ఒకటి ఉన్నదని వైద్యులు గుర్తించారు. పేరులేనివాళ్ళకు నాయకుడైన నిక్ బోనికాంటీ తన మెదడును పరిశోధనకు ఇస్తున్నానని 2017లో ప్రకటించి, 2019లో మరణించాడు. అంతకుముందు, 2013 ఆగస్టులో, అధ్యక్షుడు ఒబామా ఆ జట్టును శ్వేతసౌధానికి పిలిచి గౌరవించాడు. 1973లో ఎవరూ పిలవలేదు.

ఎర్ల్ మోరల్ 2014 ఏప్రిల్‌లో, డెబ్భై తొమ్మిదవ ఏట కన్నుమూశాడు. అతడి మెదడును పరీక్షించినవారు ఆ వ్యాధి నాలుగవ దశకు, అంటే చివరి దశకు, చేరినట్లు కనుగొన్నారు.