గోడ మీద ఎండ

సాయంత్రం నాలుగున్నర. సఖినేటిపల్లి రేవులో పంటు దిగి వచ్చినవాళ్లంతా దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోయారు. అంతర్వేది లైట్‌హౌస్ కింద ఇసుకలో మీరొక్కరే. చెప్పులు విప్పి పక్కన పెట్టారు. ఇసుక పైపైన వెచ్చగా ఉంది, వేలు గుచ్చితే లోపల చల్లటి తడి.

ఎండ వశిష్ఠ వైపు నుంచి ఏటవాలుగా వస్తోంది. గోడ గుండ్రం కదా, ఎండ ఎక్కడ ఆగిందో నీడ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేరు. ఈ చెంప మండిపోతోంది. మీ చూపు అటు జరిగేకొద్దీ వెలుగు సన్నగిల్లి, ఆ చెంపకు చేరేసరికి బూడిద రంగు.

1929 వేసవిలో అమెరికాలో, మెయిన్ రాష్ట్రపు ఒడ్డున, ఎడ్వర్డ్ హాపర్ ఇలాంటి స్తంభాన్నే కింద నుంచి చూసి బొమ్మ వేశాడు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. లైట్‌హౌస్ బొమ్మే గానీ అందులో సముద్రం చుక్కయినా లేదు. మనుషుల్లేరు. పొద్దుగూకాక ఓడలకు దారి చూపించాల్సింది పట్టపగలు పనిలేక ఎండ కాచుకుంటోంది. హాపర్‌కి కావలసింది ఆ పనిలేని వేళే.

ఒంటరితనం అనగానే అందరూ ఆయన 1942లో వేసిన ‘నైట్‌హాక్స్’ చూపిస్తారు. అర్ధరాత్రి హోటల్లో నలుగురు మనుషులు. నన్నడిగితే అందులో కొంత సినిమా ఉంది. ఎనభై దాటాక, 1963లో వేసిన ఖాళీ గది దానికంటే నిజం. ఒక కిటికీ, గోడల మీద ఎండ. కుర్చీ కూడా లేదు.

మన వైపు బొమ్మల్లో ఇంత ఖాళీ ఎక్కడిది? రాజమండ్రి దామెర్ల రామారావు బొమ్మల్లో చాలావాటిలో మనుషులు ఒకరినొకరు ఆనుకునే ఉంటారు. తూర్పు కనుమల్లోని గోదావరినీ గీశాడాయన. 1925లో మశూచి సోకి, 27 ఏళ్లకే పోయాడు. కోనసీమలో అయితే ఒక్కరూ కూర్చోవడమే కష్టం, అయిదు నిమిషాలకే ఎవరో ఒకరు పలకరిస్తారు.

పలకరించనే పలకరించాడు. భుజాన వల వేసుకున్న పెద్దాయన.

“ఎవరికోసమండీ?”

“ఎవరికోసమూ కాదండీ. గోడ మీద ఎండ చూస్తున్నా.”

“ఆయ్!” అని తనూ తలెత్తాడు. కాసేపు చూశాడు. “ఇంకో గంటాగితే దీపం ఎలుగుద్దండి. అది సూడండి మరి, ఇందులో ఏవుంది?”

వెళ్లిపోయాడు. వల నుంచి కారిన నీటిచుక్కలు ఇసుకలో వరసగా చిన్న చిన్న గుంటలు పెట్టాయి.

సరుగుడు తోట నీడ స్తంభం మొదలు పట్టుకుంది. మీ చెప్పులు నీడలోకి వెళ్లాయి. కింద గోడ చల్లబడుతుంటే పైన ఇంకా పసుపు. ఆ పసుపు జానెడు జానెడు పైకెక్కి, చివరికి దీపం గది అద్దాల్లో ఇరుక్కుంది. అద్దాలు భగ్గుమంటున్నాయి. లోపల దీపం ఇంకా వెలిగించలేదు.