అకామా: గల్ఫ్ దేశాల తాత్కాలిక నివాస అనుమతి

ఉద్యోగం మీద వచ్చిన విదేశీయులు కొంతకాలం ఉండటానికి గల్ఫ్ దేశాలు ఇచ్చే అనుమతి అకామా. సౌదీ అరేబియా, కువైట్, ఐక్య అరబ్ ఎమిరేట్స్, ఖతర్, బహ్రెయిన్, ఒమన్ ఈ ఆరింటిలోనూ ఏదో ఒక రూపంలో ఇది ఉంది. అరబ్బీలో ఇకామా అనే ఈ మాట కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల గల్ఫ్ కార్మికుల నోట అకామాగా స్థిరపడింది. వీసా ఉంటే విమానం దిగి దేశంలో అడుగు పెట్టవచ్చు. ఆ తర్వాత పనిలో కొనసాగడానికి, బ్యాంకు ఖాతా తెరవడానికి, సిమ్ కార్డు కొనడానికి, ఇంటికి డబ్బు పంపడానికి, దారిలో పోలీసు ఆపితే చూపించడానికి అకామా ఉండాలి. ఇది మనిషి పేరునే జారీ అవుతుంది గానీ, ఫలానా యజమాని దగ్గర ఫలానా పనిలో ఉన్నంతకాలమే చెల్లుతుంది. పూచీగా నిలిచే ఆ యజమానిని కఫీల్ అనీ, ఆ పద్ధతిని కఫాలా అనీ అంటారు. కార్మికుడికీ కఫీల్‌కూ మధ్య ఈ ముడి ఎలా పడిందో, ఎక్కడెక్కడ సడలిందో చెబితే అకామా చరిత్ర చాలావరకు చెప్పినట్టే.

మూలాలు

అపరిచితుడికి ఆశ్రయమిచ్చి అతని తరఫున పూచీ పడే ఎడారి తెగల ఆచారం నుంచి కఫాలా పుట్టిందని చాలాకాలం చెబుతూ వచ్చారు. బహ్రెయిన్‌కు చెందిన పరిశోధకుడు ఒమర్ అల్ షెహాబీ 2019లో ప్రచురించిన వ్యాసంలో దీన్ని తోసిపుచ్చి, ఆధునిక కఫాలా మూలాలు 1920ల నాటి బ్రిటిష్ పెత్తనంలో ఉన్నాయని చూపించారు. అప్పట్లో బహ్రెయిన్‌కు ముత్యాల వేటే ప్రధాన ఆదాయం. పడవల మీద పనికి బయటి ప్రాంతాల నుంచి మనుషులు వచ్చేవారు. వాళ్లందరి మీద కన్నేసి ఉంచేంత సిబ్బంది బ్రిటిష్ అధికారులకు లేదు. అందువల్ల తెచ్చుకున్నవాళ్లకు తెచ్చినవాడే జవాబుదారీ అన్న పద్ధతి పెట్టారు. ప్రభుత్వం చేయాల్సిన నిఘా ఆ విధంగా పడవ యజమానుల నెత్తిన పడింది.

రెండు వాదాల్లో ఇదే బలమైనది. తెగల ఆచారంలో పూచీ పడ్డవాడు అతిథిని కాపాడాలి. అకామా పద్ధతిలో కఫీల్ జవాబు చెప్పుకోవాల్సింది ప్రభుత్వానికే.

1947 దాకా గల్ఫ్ వ్యవహారాలను బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే నడిపింది, అక్కడ రూపాయే చలామణిలో ఉండేది. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడ్డాక చమురు కంపెనీకి గుమస్తాలు, మెకానిక్కులు కావలసి వచ్చారు. బ్రిటిష్ ప్రజలుగా లెక్కకు వచ్చే భారతీయులకు ఆ కొలువుల్లో మొగ్గు ఉండేది. వాళ్లు ఓడ ఎక్కడానికి ముందు బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. ఎన్ఓసీ అనే ఆ పత్రం బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయాక కూడా పోలేదు, ఇచ్చే అధికారం మాత్రం ఏజెంటు నుంచి యజమాని చేతికి మారింది.

చట్టాలు, వలసలు

సౌదీ అరేబియా 1952లో నివాస నిబంధనలు తెచ్చింది. కువైట్ స్వతంత్ర దేశం కావడానికి రెండేళ్ల ముందే, 1959లో, విదేశీయుల నివాస చట్టం చేసింది. 1971లో ఏర్పడిన ఎమిరేట్స్ 1973లో తన చట్టం తెచ్చుకుంది. ఆ ఏడాది చివర్లో ముడి చమురు ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగింతలైంది. రోడ్లు, రేవులు, ఆస్పత్రులు, నగరాలు ఒకేసారి కట్టడం మొదలయ్యేసరికి స్థానిక జనాభా ఏమూలకూ చాలలేదు. మనుషులు కావాలి, వాళ్లు అక్కడే పాతుకుపోకూడదు. రెండూ నెరవేరడానికి అకామా అక్కరకొచ్చింది. ఏటా, లేదా రెండేళ్లకోసారి, కొత్త చేయించుకోవాల్సిందే. ఎన్నేళ్లున్నా అది పౌరసత్వానికి దారి తీయదు.

తెలుగు నేల నుంచి గల్ఫ్‌కు వలస ఊపందుకున్నది కూడా 1970ల్లోనే. ఉత్తర తెలంగాణలో బావులు ఎండిన కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మగవాళ్లు దుబాయి, సౌదీల్లో కట్టుబడి పనులకు వెళ్లారు. కడప జిల్లా రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ప్రధానంగా ఇంటిపనికి వెళ్లారు, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. ఈ వలసను నియంత్రించడానికి భారత ప్రభుత్వం 1922 నాటి పాత చట్టాన్ని తీసేసి 1983లో వలసల చట్టం చేసింది. పదో తరగతి పాసవని కార్మికులు గల్ఫ్‌కు పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందాలి. ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండి ఉండాలని కూడా నిబంధన వచ్చింది. దాన్ని తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపడం మరిగారు. అలా వెళ్లినవాళ్ల వివరాలు ఇక్కడి రికార్డుల్లోకి ఎక్కవు. మహిళల కోసం పెట్టిన రక్షణ, ఏజెంట్ల చేతుల్లో వాళ్లకే ఎదురు తిరిగింది.

చేతికి వచ్చే దారి

అకామా కోసం దరఖాస్తు పెట్టేది కార్మికుడు కాదు, కఫీల్ గానీ కంపెనీ తరఫున కాగితాలు తిప్పే మందూబ్ గానీ. ముందు కంపెనీకి వర్క్ పర్మిట్ రావాలి, దాని మీద వీసా పడుతుంది. హైదరాబాద్‌లోనో ముంబైలోనో గుర్తింపు పొందిన కేంద్రంలో మెడికల్ పాసవ్వాలి. అక్కడ దిగాక మళ్లీ రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. క్షయ, హెచ్ఐవీ లాంటివి బయటపడితే తిరుగు టపాయే. వేలిముద్రలు, ఆరోగ్య బీమా, ఫీజుల తర్వాత కార్డు వస్తుంది. సౌదీలో వచ్చిన 90 రోజుల్లోగా అకామా చేయించాలి.

సౌదీలో ఒకప్పుడు ఇది చిన్న పుస్తకం, ముస్లింలకు పచ్చ అట్ట, ఇతరులకు గోధుమరంగు అట్ట. తర్వాత ప్లాస్టిక్ కార్డు అయింది, ఇప్పుడు ఫోన్‌లోని అబ్షర్ యాప్‌లో కూడా కనిపిస్తుంది. కార్డు మీది పదంకెల నంబరు విదేశీయులకు 2తో, పౌరులకు 1తో మొదలవుతుంది. గడువును చాలాకాలం హిజ్రీ తేదీల్లో లెక్కించేవారు. ఆ సంవత్సరం మనం వాడే క్యాలెండరు కంటే దాదాపు 11 రోజులు చిన్నది, కాబట్టి అలవాటైన తేదీ ప్రకారం నిశ్చింతగా కూర్చున్నవాడికి గడువు ముందే దాటిపోయేది. పేరు పక్కన అచ్చయ్యే వృత్తి మరింత కీలకం. వెల్డింగ్ చేసేవాడి కార్డు మీద ‘ఆమిల్’, అంటే కూలీ, అని ఉంటే చట్టం దృష్టిలో అతను కూలీయే, కుటుంబాన్ని తెచ్చుకునే అర్హత కూడా ఆ మాట మీదే ఆధారపడుతుంది.

కువైట్‌లో నివాస అనుమతులను చట్టంలోని సెక్షన్ల నంబర్లతోనే పిలుస్తారు. ప్రైవేటు కంపెనీలవి 18, ఇంటిపనివాళ్లవి 20, కుటుంబ సభ్యులవి 22. పద్దెనిమిదిని మనవాళ్లు షూన్ వీసా అనీ, ఇరవైని ఖాదిమ్ వీసా అనీ అంటారు. 2019 మార్చి నుంచి అక్కడ విదేశీయుల పాస్‌పోర్టులో అకామా స్టిక్కరు అంటించడం మానేశారు. బతాకా అని పిలిచే సివిల్ ఐడీ కార్డే ఆధారం. ఎమిరేట్స్ కూడా 2022లో స్టిక్కర్లకు స్వస్తి చెప్పింది.

అకామా ఫీజు, దాన్ని కొత్త చేయించే ఖర్చు, ఆలస్యమైతే జరిమానా, అన్నీ యజమానే భరించాలని 2005 నాటి సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణ చెబుతోంది. ఆచరణలో ఈ ఖర్చు చాలాచోట్ల జీతంలోంచి పోతుంది. ఆజాద్ వీసా అనే వ్యాపారమైతే పూర్తిగా దీని మీదే బతుకుతోంది. కాగితం మీద కఫీల్ ఒకడు, పని మరెక్కడో. పేరు వాడుకోనిచ్చినందుకు కఫీల్‌కు ఏటా కప్పం కట్టాలి. ఆజాద్ అన్న పేరేగానీ అలాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. తనిఖీలో దొరికితే ఇంటికి పంపేస్తారు.

ఖల్లివల్లి

గడువు దాటినా, కఫీల్‌ను వదిలి వెళ్లినా కార్మికుడు చట్టవిరుద్ధ నివాసి అవుతాడు. గల్ఫ్ తెలుగులో అతను ఖల్లివల్లి. పని వదిలి పారిపోయాడని సౌదీ కఫీల్ హురూబ్ పెడితే అకామా చెల్లకుండా పోవచ్చు. జీతం అడిగినందుకు కక్షగా హురూబ్ పెట్టిన సందర్భాలు కోకొల్లలు. తప్పు కంపెనీదైనా శిక్ష కార్మికుడికి పడటం కూడా ఉంది. 2011లో సౌదీ తెచ్చిన నితాకత్ పథకం, స్థానికులకు ఎన్ని ఉద్యోగాలిచ్చారన్నదాన్ని బట్టి కంపెనీలకు రంగులు వేసింది. ఎరుపులో పడ్డ కంపెనీకి తన విదేశీ సిబ్బంది అకామాలు కొత్త చేయించే వీలు లేదు. 2016లో సౌదీలో ఒక పెద్ద నిర్మాణ కంపెనీ కుదేలైనప్పుడు వేలాది మంది భారతీయులు జీతాల్లేక, అకామాల గడువు తీరి, దేశం దాటలేక క్యాంపుల్లో చిక్కుకుపోయారు. వాళ్లను తెచ్చుకోవడానికి కేంద్ర మంత్రి అక్కడికి వెళ్లాల్సి వచ్చింది.

ఇలా పేరుకుపోయినవాళ్లను పంపడానికి ప్రభుత్వాలు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. ఎమిరేట్స్‌లో 1996, 2003, 2007, 2012, 2018, 2024ల్లో, కువైట్‌లో ఇటీవల 2018, 2020, 2024ల్లో ఈ అవకాశం వచ్చింది. సౌదీలో 2013 ఏప్రిల్ నుంచి నవంబరు 3 వరకు ఇచ్చిన గడువులో లక్ష మందికి పైగా భారతీయులు తిరిగొచ్చారు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుండిపోయినవాళ్లకు ఇంటికి తిరిగి రావడానికి పనికొచ్చే ఔట్‌పాస్‌ను భారత రాయబార కార్యాలయం ఇస్తుంది. పాస్‌పోర్టును యజమాని అట్టిపెట్టుకోకూడదని చట్టాలున్నా ఔట్‌పాస్ కోసం వరుసలు తగ్గలేదు. ఇన్నిసార్లు క్షమాభిక్ష పెట్టాల్సి రావడమే ఈ పద్ధతి మనుషులను ఎంత సులువుగా చట్టం బయటికి నెడుతుందో చెబుతుంది.

సంస్కరణలు

ముడిని సడలించే ప్రయత్నం 2009లో బహ్రెయిన్ మొదలుపెట్టింది. 2017లో అది కఫీల్ లేకుండానే ఉండే ఫ్లెక్సీ పర్మిట్ ఇచ్చింది, 2022లో దాన్ని ఆపేసింది. ప్రపంచకప్ ఫుట్‌బాల్ నిర్మాణాల మీద వచ్చిన విమర్శల ఒత్తిడితో ఖతర్ 2018లో చాలామంది కార్మికులకు, దేశం విడిచి వెళ్లడానికి కావలసిన ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది, 2020లో ఉద్యోగం మారడానికి ఎన్ఓసీ అక్కర్లేదంది. ఒమన్ 2021 జనవరి నుంచి ఎన్ఓసీని రద్దు చేసింది. సౌదీలో 2021 మార్చి 14న అమల్లోకి వచ్చిన మార్పులతో, ఏడాది పనిచేసిన కార్మికుడు యజమాని ఒప్పుకోకున్నా ఉద్యోగం మారవచ్చు, వీసా తీసుకుని ఊరికి వచ్చి వెళ్లవచ్చు.

సౌదీలో డబ్బున్నవాళ్లకు తలుపులు ఇంకా ముందే తెరుచుకున్నాయి. 2019లో సౌదీ, కఫీల్ అవసరం లేని ప్రీమియం నివాసాన్ని శాశ్వతంగా కావాలంటే 8 లక్షల రియాళ్లకు, ఏడాదికైతే లక్ష రియాళ్లకు ఇవ్వసాగింది. ఎమిరేట్స్ గోల్డెన్ వీసాలు మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. మరో పక్క 2017 జులై నుంచి సౌదీ, కుటుంబ సభ్యుల్లో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల సుంకం వేసి, 2020 నాటికి దాన్ని 400 చేసింది. చాలామంది చిరుద్యోగులు భార్యాపిల్లలను ఇంటికి పంపేశారు.

సౌదీ 2021 సంస్కరణలు ఇంటిపనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, గొర్రెల కాపరులకు వర్తించవు. తెలుగువాళ్లలో కష్టాలు ఎక్కువగా పడేది ఈ పనుల్లో ఉన్నవాళ్లే. కువైట్ 1959 చట్టం స్థానంలో 2025 జనవరి 5 నుంచి కొత్త నివాస చట్టాన్ని అమలు చేసింది. ఇరవై నంబరు వాళ్లు పద్దెనిమిదికి మారడానికి 2024లో జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు మాత్రమే అవకాశమిచ్చింది, అదీ కనీసం ఏడాది ఒకే కఫీల్ దగ్గర పనిచేసి, అతని సమ్మతి తెచ్చుకున్నవారికి. పద్దెనిమిది నంబరు వాళ్లు కూడా 2025 జులై 1 నుంచి దేశం విడిచి రావాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ చూపించాలి.