ఋషికుల్య ఒడ్డున ఉమ్మడి ఖాతా

ఇప్పటి గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది. అంతదాకా అది మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. హద్దులు మారినా సముద్రపుటొడ్డున తెలుగు మాట్లాడే జాలరి పల్లెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఒడియావారు ఈ జాలర్లను నోలియాలంటారు. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట తాబేళ్ళను కాపాడిన చరిత్రలో వీరికీ వాటా ఉంది.

ఇక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేల సంఖ్యలో ఒక్కసారిగా ఒడ్డెక్కి గుడ్లు పెడతాయని 1994లో బివాష్ పాండవ్ అనే పరిశోధకుడు లోకానికి తెలియజేశారు. శాస్త్రజ్ఞులకది కొత్త సంగతే గాని, ఆ ఒడ్డునే పుట్టి పెరిగినవారికి కాదు. పరిశోధకులకు తోడుగా రాత్రిళ్ళు ఇసుకలో తిరిగింది పల్లెల కుర్రవాళ్ళే. తరువాత స్థానికులే ఒక తాబేళ్ళ రక్షణ సమితిని ఏర్పరచుకున్నారు.

ఒక్కో తాబేలు గుంట తీసి సుమారు నూరు గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఏడెనిమిది వారాలకు పిల్లలు రాత్రిపూట బయటపడి వెలుగున్న దిక్కుకు పాకుతాయి. వీధి దీపాలను చూసి ఊరివైపు మళ్ళితే చావే. అందుకే అటవీశాఖ దీపాలు ఆర్పిస్తుంది, వలలతో కంచె కట్టిస్తుంది. ఊరివాళ్ళు కుక్కలను తోలి, దారితప్పిన పిల్లలను బకెట్లలో ఏరి నీళ్ళలో వదులుతారు. ఈ పని జీవో ఒక్కటే చేయలేదు, ఊరు ఒక్కటే చేయలేదు.

బ్యాంకు ఉద్యోగిని కనుక నేను జమతోపాటు ఖర్చూ చూస్తాను. ట్రాలర్ల వలల్లో చిక్కిన తాబేలు ఊపిరికి పైకి రాలేక చచ్చిపోతుంది. 1997-98లో ఒరిస్సా తీరానికి కొట్టుకొచ్చిన కళేబరాలే పది వేలకు పైబడ్డాయి. ఇప్పుడు ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల దగ్గర 20 కిలోమీటర్ల మేర చేపలవేట నిషేధం. 2023లో ఋషికుల్యకు 6 లక్షలకు పైగా తాబేళ్ళు వచ్చాయని అటవీశాఖ లెక్క. అసలు రాని ఏళ్ళూ ఉన్నాయి.

ఆ ఏడు నెలలూ చిన్న పడవవాడి పొయ్యి వెలగాలి కదా? ఉమ్మడి ఖాతా అన్నాక నష్టం ఒక్కడి పేరనే రాయకూడదు. పరిహారం వేళకు అందాలి, నిషేధపు నిర్ణయాల్లో జాలరి మాటా చెల్లాలి. కాపలా కాసే చేతులు ఆ పల్లెలవే. వాళ్ళు విసిగి తప్పుకుంటే ఆ తీరాన్ని కాపాడడం ఏ శాఖకూ సాధ్యం కాదు.