కాలిపర్

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో తల్లుల నోట నలిగే మాట ‘కాలిపర్స్’. ‘కాలి’ వినపడుతుంది గనుక మన మాటే అనిపిస్తుంది. కాదు, తుపాకీ గొట్టం కొలత చెప్పే ‘క్యాలిబర్’కు ఇది చుట్టం. దాని వెనుక అరబ్బీ ‘ఖాలిబ్’ ఉందంటారు, అంటే అచ్చు. మందం కొలిచే రెండు కాళ్ల పరికరం పేరు, పోలికను బట్టి కాబోలు, కాలికిరువైపులా బిగించే ఇనుప కడ్డీలకు వచ్చింది.

ఎల్బీనగర్‌కు దగ్గరే కంచన్‌బాగ్. అక్కడి క్షిపణి శాస్త్రవేత్తలు అబ్దుల్ కలాం చొరవతో, నిమ్స్ ఆసుపత్రికి వచ్చే పిల్లల కోసం మూడు కిలోల కాలిపర్‌ను సుమారు 300 గ్రాములకు దించారు. ఎంత గొప్ప పని!

సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది చీలమండను, పాదాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ‘ఏఎఫ్ఓ’ (యాంకిల్ ఫుట్ ఆర్థోసిస్). మునివేళ్ల మీద నడిచే బిడ్డ మడమను నేలకు ఆనిస్తుంది. లోపల మేజోడు వేయాలి. విప్పాక కందిన ఎరుపు తగ్గకపోతే వెంటనే సరిచేయించాలి.